రెండు వందల బొమ్మలు, 46 పేజీల రూల్సు, ఒకే ఒక్క ఆట

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఉద్యోగం వల్ల పదేళ్లుగా చెన్నైలో, వేలచ్చేరిలో ఉంటున్నాం. నాలుగేళ్ల కిందట ఆఫీసు స్నేహితుడి ఇంట్లో మినియేచర్లతో ఆడే యుద్ధం ఆట చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి కొంటూనే ఉన్నాను. ఇప్పుడు నా దగ్గర 200 బొమ్మలున్నాయి, రంగు వేసినవి 12. ఒక్కోదానికి ఆరు గంటలు పడుతోంది. అయినా ఇంటర్నెట్‌లో చూసినట్టు రావడం లేదు. ఇది చాలదన్నట్టు పల్నాటి యుద్ధం మీద సొంతంగా ఒక ఆట తయారు చేస్తున్నాను. రూల్‌బుక్ 46 పేజీలైంది. ఒక్కసారి స్నేహితులు వచ్చి ఆడారు. మూడు గంటలైనా యుద్ధం సగంలోనే ఉంది. "బాగుందిరా" అని వెళ్లిపోయారు, మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బయటివాళ్లకు చూపిద్దామంటే ఐడియా కొట్టేస్తారేమోనని భయం. మా అత్తగారు "ఈ వయసులో బొమ్మలాటలేంటి" అంటున్నారు. ఇప్పటికి రూ. 80,000 దాకా ఖర్చయింది. మా ఆవిడకు పూర్తిగా తెలియదు, పార్సిళ్లు ఆఫీసుకు తెప్పించుకుంటున్నాను. మొన్న మా తొమ్మిదేళ్లవాడు రంగు వేయని బొమ్మలు ఆరు తీసుకుని, చింతపిక్కలతో ఏదో ఆట ఆడుతూ ఈటెలు వంచేశాడు. గట్టిగా కేకలేశాను, తర్వాత బాధపడ్డాను. నాకు ఇందులో టాలెంట్ లేదా? రంగులు మానేసి ఆట తయారీ మీదే కూర్చోవాలా, లేక మొత్తం వదిలేయాలా?

– పేరు వద్దన్న పాఠకుడు, వేలచ్చేరి

జవాబు: ముందు ఆ పార్సిళ్ల సంగతి తేల్చేద్దాం, మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నాలుగేళ్లలో 80,000 అంటే నెలకు 1,700 కూడా కాదు. ముగ్గురూ కలిసి నెలకోసారి సినిమాకు వెళ్లి, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కొని, బయట భోంచేసి వస్తే ఇంచుమించు అంతే అవుతుంది. మీ జీతం నాకు తెలియదు కాబట్టి ఎక్కువో తక్కువో నేను చెప్పను. కానీ డబ్బాలు ఆఫీసుకు తెప్పించుకుని, బ్యాగులో పెట్టుకుని దొంగలా ఇంట్లోకి తేవడం మాత్రం బాగాలేదు. మీ ఉత్తరం మొత్తంలో నాకు తప్పనిపించింది ఇదొక్కటే. ఈ ఆదివారం టిఫినయ్యాక లెక్క కాగితం ఆవిడ ముందు పెట్టండి. దాంతోపాటు ఒక కట్టుబాటు కూడా చెప్పండి: కిందటిసారి కొన్న డబ్బాలోని బొమ్మలు ఒక్కసారైనా బల్లమీద ఆటలోకి దిగేదాకా కొత్త డబ్బా కొననని. రంగు వేసేదాకా అని కాదు, ఆడేదాకా అని. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక మీ అత్తగారు. నవరాత్రులకు ఆవిడ బొమ్మల కొలువు పెడతారో లేదో మీరు రాయలేదు. చెన్నైలో నాకు తెలిసిన తెలుగు ఇళ్లలో పెట్టనివాళ్లు తక్కువ. సెప్టెంబరు వచ్చిందంటే మైలాపూర్ నార్త్ మాడ వీధిలో బొమ్మల బళ్ల మధ్య నడవడానికి చోటుండదు. మెట్లు కట్టి దేవుళ్లను, పెళ్లివారిని, కింద నేల మీద ఇసుక పోసి ఒక ఊరిని, చెరువును, పోలీసు స్టేషన్‌ను పెట్టడం ఆడవాళ్లు చేస్తే సంప్రదాయం. అదే పని మగవాడు బల్లమీద చేస్తే వయసు మీరిన బొమ్మలాట! మా అమ్మ దగ్గర ఒక కొండపల్లి ఏనుగు అంబారీ ఉండేది. ఓ దసరాకు దాని తొండం విరిగింది. చింతగింజలు ఉడికించి, రుబ్బి, ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి తొండం అతికించి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది రంగు వేసింది. కొండపల్లిలో ఆ ముద్దను మక్కు అంటారు. మీరు ఎం-సీల్‌తో చేసే పని అదే. మీ అత్తగారిని వాదనలో గెలవాలని చూడకండి. పాత మట్టిబొమ్మకు ముక్కు ఎలా దిద్దాలో అడగండి చాలు.

వయసు గురించి మీకు బెంగ ఉంటే ఒక్క మాట. ప్రష్యా సైన్యంలో ఒక లెఫ్టినెంటు 1824లో పటాల మీద పాచికలతో ఆడే యుద్ధం ఆట రూపొందిస్తే, ఆఫీసర్లకు శిక్షణ దాంతోనే ఇచ్చారు. బొమ్మ సైనికులతో ఇంట్లో నేలమీద ఆడే యుద్ధానికి 1913లో రూల్స్ రాసి అచ్చేయించిన హెచ్.జి. వెల్స్‌కు అప్పటికి నలభై దాటాయి. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు గుకేష్ 2024లో, పద్దెనిమిదేళ్లకే చదరంగంలో ప్రపంచ చాంపియన్ అయితే ఊరంతా చప్పట్లు కొట్టింది. చదరంగంలో ఉన్నదీ ఏనుగులూ గుర్రాలే. వాటికి కళ్లూ ముక్కూ దిద్దితే పరువు తక్కువవుతుందని ఎవరు తీర్మానించారో తెలియదు.

సరే, రంగులు.

మీ లెక్క నేనూ వేశాను. మిగిలినవి 188 బొమ్మలు, ఒక్కోదానికి ఆరు గంటలు: 1,128 గంటలు. ఉద్యోగం, పిల్లాడు, వేలచ్చేరి ట్రాఫిక్ అన్నీ పోగా వారానికి మూడు గంటలు దొరుకుతాయనుకుందాం. ఏడేళ్ల పైచిలుకు పడుతుంది. కోడిపందెంలో ఓడిన మలిదేవుడికి పడిన వనవాసం కూడా ఏడేళ్లే! మీకు లేనిది టాలెంట్ కాదు. ఇంటర్నెట్‌లో మీరు చూసే బొమ్మ పోటీలకు, ఫొటోలకు వేసినది. దాన్ని అద్దంలో పెట్టి చూస్తారు. సైన్యాన్ని మూడడుగుల దూరం నుంచి చూస్తారు. ఈ రెండూ వేర్వేరు పనులు. మీరు బంట్లందరికీ రాజుగారి అలంకారం చేస్తున్నారు.

పదేసి బొమ్మలు ఒకేసారి పట్టండి. పాత మందు సీసాల మూతల మీద ఒక్కోదాన్ని అతికించుకుంటే పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. మొదట సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి తీసేటప్పుడు అంటుకున్న జిడ్డు ఉంటే రంగు నిలవదు. తర్వాత ప్రైమర్, అంటే రంగు పట్టి నిలవడానికి ముందుగా వేసే పూత. ఆపైన పదింటికీ చర్మం రంగు, పదింటికీ పంచె, పదింటికీ తలపాగా, ఇలా ఒక్కో రంగూ వరసగా వేసుకుంటూ పోవాలి. పదో బొమ్మ ముగిసేసరికి మొదటిది ఆరి ఉంటుంది, కాబట్టి ఎదురుచూపు లేదు. అన్నీ అయ్యాక గోధుమరంగు వాష్, అంటే బాగా పలచన చేసిన రంగు, పూయండి. అది నీళ్లలా పారి ముడతల్లో, వేళ్ల సందుల్లో నిలబడి నీడలు దానంతటదే గీస్తుంది. ఆరాక లేత రంగులో బ్రష్ ముంచి, ఆ రంగును దాదాపు పూర్తిగా గుడ్డకు తుడిచేసి, ఆ ఎండిన బ్రష్‌తో ఎత్తైన చోట్ల తేలిగ్గా రాస్తే అంచులు మెరుస్తాయి. చివర్లో ముఖానికి రెండు నిమిషాలు ఎక్కువ, కాళ్ల కింద బేస్‌కు జల్లెడ పట్టిన ఇసుక. చూసేవాళ్ల కన్ను ముందు ముఖం మీదికి, తర్వాత బేస్ మీదికి పోతుంది. మధ్యలో బొత్తాం లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు. ఇలాగైతే సగటున గంటకొకటి అవుతుంది. ఏడేళ్ల పని ఏడాది మీద రెండు నెలలకు దిగుతుంది.

బాలచంద్రుడికీ, బ్రహ్మనాయుడికీ, నాగమ్మకూ మాత్రం మీ ఆరు గంటలూ ఇవ్వండి. ఆ సరదా ఎందుకు వదులుకోవాలి.

మన ఊరి వాతావరణం గురించి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది ఒకటుంది. చాలా ఏళ్ల కిందట, నవంబరులో, వాన కాస్త తెరిపిచ్చింది కదా అని డాబా మీదికి వెళ్లి పన్నెండు బొమ్మలకు స్ప్రే ప్రైమర్ కొట్టాను. గాలిలో తడి ఎంతుందో చూసుకోలేదు. అరగంట తర్వాత వెళ్లి చూస్తే బొమ్మల మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా, గరుకుగా బూజు కట్టింది. కళ్లూ ముక్కులూ పూడిపోయాయి. మా ఆయన చూసి, "విభూతి సైన్యం" అన్నారు. అప్పటి నుంచి వానాకాలంలో బ్రష్‌తో పూసే ప్రైమరే వాడుతున్నాను. స్ప్రే కొట్టాలంటే మన దగ్గర జనవరి, ఫిబ్రవరి నెలలు, అదీ ఎండ ఎక్కాక.

ఎండాకాలంలో ఇబ్బంది తిరగబడుతుంది. ఫ్యాన్ కింద కూర్చుంటే రంగు పాలెట్ మీదే కాదు, బ్రష్ మొన మీదే ఎండిపోతుంది. మీ రంగు గరుకుగా, మందంగా వస్తోందంటే చేయి బాగాలేదని కాదు, బహుశా ఇదే కారణం. మూత గట్టిగా పట్టే స్వీట్ డబ్బా తీసుకుని, అడుగున తడి స్పాంజి పరిచి, దానిమీద బేకింగ్‌కు వాడే కాగితం పెట్టి, రంగు ఆ కాగితం మీద వేసుకోండి. కింది నుంచి కొద్దికొద్దిగా తడి ఎక్కుతూ రంగును గంటల తరబడి పలచగా ఉంచుతుంది. మైనం పూసిన కాగితం పనికిరాదు, నీళ్లు పైకి రావు. రెండు రోజులకోసారి స్పాంజి కడగకపోతే వాసన కొడుతుంది, అది కూడా చెప్పాలి కదా. రంగు పాల చిక్కదనంలో ఉండాలి. ఒక మందం పూత కన్నా రెండు పల్చటి పూతలు మేలు. బ్రష్ మరీ సన్నది కొనకండి, దాని కడుపులో రంగు నిలవదు. మొన బాగున్న ఒకటో నంబరు బ్రష్‌తో కనుపాప కూడా పెట్టొచ్చు. రేకు పట్టీ దాకా రంగులో ముంచితే మాత్రం ఆ మొన నెలకు మించి ఉండదు. మొన సరిచేయడానికి బ్రష్ నోట్లో పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. మీకు ఉంటే మీ అబ్బాయి ముందు చేయకండి. మీకు లేకపోతే నేర్చుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఆట.

46 పేజీలు చదవలేదు గానీ, మూడు గంటలైనా యుద్ధం సగంలో ఉందన్నప్పుడే ఒకటి ఊహించాను. ఒక దెబ్బ తేలడానికి మీరు పాచిక ఎన్నిసార్లు వేయిస్తున్నారు? కొత్తగా ఆట రాసేవాళ్లందరూ చేసేదే: తగిలిందా లేదా ఒకసారి, గాయమైందా ఒకసారి, డాలు ఆపిందా ఒకసారి. చదవడానికి న్యాయంగా ఉంటుంది. ఒక్కోసారీ సగం సగం అవకాశమే అనుకోండి. సగంలో సగం, అందులో మళ్లీ సగం: ఎనిమిదింట ఒకటి. ఎనిమిది మంది మీద పడితే సగటున ఒక్కడు కూలుతాడు. చెరో వందమందీ తేలాలంటే తెల్లారుతుంది మరి! ఆ మూడింటినీ కలిపి రెండు పాచికలు ఒకేసారి వేయించి, మొత్తం 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కూలినట్టు అనండి. రెండు పాచికలకు 36 రకాల ఫలితాలుంటే వాటిలో 10 అలా వస్తాయి, అంటే వందకు 28. వేయడం మూడో వంతుకు తగ్గి, ఫలితం రెట్టింపు దాటుతుంది.

దీంతో వచ్చే చిక్కు కూడా తెలుసుకోండి. రెండు పాచికల్లో 7 ఎక్కువగా వస్తుంది, 12 అరుదు. అందుకని "గుట్ట మీద ఉంటే ఒకటి కలుపుకో" అన్న రూలు అన్నిచోట్లా ఒకే బరువు తూగదు. 11 కావాల్సినవాడికి 10 చాలంటే వాడి అవకాశం 36లో 3 నుంచి 6కు, రెట్టింపుకు పోతుంది. 7 కావాల్సినవాడికి 6 చాలంటే 21 నుంచి 26కే. బలహీనుడికే గుట్ట ఎక్కువ అక్కరకొస్తుందన్నమాట. పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడి కథకు అది నప్పుతుందా లేదా అన్నది మీ ఇష్టం, కానీ తెలియకుండా జరగకూడదు.

అయితే పాచికలు సరిచేసినంత మాత్రాన స్నేహితులు మళ్లీ రారు. ఆటలో వాళ్లకు ఏం పని ఉంది? మీ చరిత్ర వాళ్ల ముందు నడుస్తుంటే కూర్చుని పాచికలు వేయడమేనా? ప్రతి వంతులోనూ "అది చేయనా, ఇది చేయనా, అయ్యో రెండూ కుదరవే" అని గోళ్లు కొరుక్కోవాలి. అది లేని రూలు ఎంత చారిత్రకమైనా కొట్టేయండి.

మీ పల్లెలో అరుగు మీద పులిజూదం గీసి ఉండేదా? అది చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు. మేక దేన్నీ చంపలేదు. పులి ఆకలి మీద ఉంటుంది, మేక ఓపిక మీద ఉంటుంది. మేక మీద నుంచి దూకి చంపడానికి పులికి ఆ మేక వెనక ఖాళీ కావాలి, మేకలు ఆ ఖాళీని ఒక్కొక్కటిగా మూసేస్తుంటాయి. మొదట్లో మేకలు బోర్డు మీదికి దిగుతూ మాత్రమే ఉంటాయి, అన్నీ దిగాకే కదులుతాయి. అంటే ఆట మధ్యలో ఇద్దరి భయాలూ తారుమారవుతాయి. ఇంతా చేసి రూల్సు నాలుగు వాక్యాలు. బొగ్గుముక్కతో గీసి, రాళ్లతో ఆడేవాళ్లు. నేను ఎన్నో ఖరీదైన విదేశీ ఆటలు ఆడాను. రెండు పక్షాల బలాలు వేర్వేరుగా ఉన్నా తూకం తప్పని ఆట ఇంత తక్కువ సామగ్రితో మరొకటి చూడలేదు. పక్షపాతం అంటే అనండి.

మీ పల్నాడును ఆ కళ్లతో చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించాను. ఇది నా సలహా మాత్రమే. మాచర్ల వైపు పేరున్న వీరులు కొందరే, ఒక్కొక్కరూ పులి. గురజాల వైపు జనం ఎక్కువ, ఒక్కొక్కరికీ బలం తక్కువ, కానీ చుట్టుముడితే పులికి ఊపిరాడదు. బాలచంద్రుడి బొమ్మను కదిపితే ఎదురుగా శత్రువు కనిపించినంత మేరా ఆగడు అని ఒక రూలు. వాడు మీ చేతిలో బలమైన కాయ, మీ మాట వినని కాయ. ఎప్పుడు వదలాలో తెలియక ఆడేవాడు నలిగిపోతాడు. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి వడ్డించే చాపకూడు ఉండనే ఉంది: కిందటి రాత్రి ఒకే చాప మీద కూర్చున్న కాయలన్నీ మర్నాడు ఒకే వంతులో కలిసి కదలొచ్చు. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో చీకట్లో, అవతలివాడికి కనిపించకుండా తేల్చుకోవాలి. బ్రహ్మనాయుడు చేసిన పని ఇలా ఆటను నడిపే రూలే అయిపోతే దాని గురించి రూల్‌బుక్‌లో మూడు పేజీల ఉపోద్ఘాతం అక్కర్లేదు. కోడిపందెం ఎలాగూ మీరు పెట్టే ఉంటారు. దాన్ని ఐదు నిమిషాలకు మించనివ్వకండి.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంటుంది. బాగుందో లేదో నాకూ తెలియదు, మీకూ తెలియదు. ఆడించాలి. అందుకు రంగు వేసిన బొమ్మలు కూడదు! అందంగా తయారైనదాన్ని కొట్టేయడానికి మనకు చేయి రాదు, ఎదుటివాళ్లకు తప్పు చెప్పడానికి నోరు రాదు. మీ స్నేహితులు "బాగుందిరా" అన్నది మీ 12 బొమ్మల్ని చూసే అయ్యుంటుంది. పాత పెళ్లిపత్రికలు చతురస్రాలుగా కత్తిరించి, వెనక పెన్సిల్‌తో రాయండి. సైనికులకు చింతపిక్కలు, వీరులకు గవ్వలు. రూల్సు ఒక్క కాగితం, ఒక్క వైపు. ఆట నలభై నిమిషాల్లో ముగియాలి, ముగియకపోయినా గడియారం చూసి ఆపేయాలి.

కొత్తవాల్ చావడి కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకు తరలింది కదా, ఆ తరలింపు మీద నేనొక ఆట అల్లాను. ఆడేవాళ్లు వ్యాపారులు, రాత్రి లారీలు వస్తాయి, తెల్లారేలోపు సరుకు దుకాణాల్లో సర్దాలి. మా అక్క కూతురికీ దాని స్నేహితురాలికీ రూల్సు కాగితం ఇచ్చి, నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నోరు తెరవకూడదని ఒట్టు. "ఖాళీ దుకాణం" అని రాశాను, నా ఉద్దేశం సరుకు లేని దుకాణం. వాళ్లు యజమాని లేని దుకాణం అనుకున్నారు. పది నిమిషాల్లో ఇద్దరూ ఒకరు లేనప్పుడు మరొకరి దుకాణంలో గంపలు దించేసుకుంటూ, "జరగవే, ఇది నా చోటు" అని అరుచుకుంటున్నారు. నా నాలుక చివర దాకా వచ్చింది, "అలా కాదే" అని. చీర కొంగు నోట్లో కుక్కుకున్నంత పని చేశాను. ఇరవై నిమిషాలకు అర్థమైంది, వాళ్లు ఆడుతున్నది నేను రాసిన ఆట కాదు, దానికన్నా బాగుంది. నా రూలు కొట్టేసి వాళ్లది ఉంచాను.

ఇంకో రోజు అదే పిల్ల మొదటి వంతు నుంచీ ఉల్లిపాయలు తప్ప ఏమీ కొనకుండా కూర్చుని గెలిచింది. తర్వాతిసారి అందరూ ఉల్లిపాయలే కొన్నారు, ఆట చచ్చింది. మూడు వంతుల తర్వాత ఉల్లి కుళ్లిపోతుందని రూలు పెట్టబోయాను. "ఉల్లిపాయ అంత తొందరగా కుళ్లదు కదా పిన్నీ, టమాటా అయితే సరే. గోడౌన్ అద్దె కట్టమను," అంది. అద్దె పెట్టాను. ఇప్పటికీ ఆ ఆటలో అందరికీ గుర్తుండే రూలు అదే, ఎందుకంటే కొట్టువాడికి నిజంగా నొప్పి తెలిసేది అక్కడే.

మీరూ ఇలాగే చేయండి. రూల్సు మీరు వివరించొద్దు, కాగితం ఇచ్చి కూర్చోండి. వాళ్లు తప్పు ఆడితే వాళ్లది తప్పని కాదు, మీ వాక్యం తప్పు. ఆట తర్వాత "ఎలా ఉంది" అని అడగొద్దు, మన తెలుగువాళ్లం మొహమాటానికి బాగుందనే అంటాం. "ఎక్కడ ఫోన్ చూసుకున్నావు?" అని అడగండి. ఫోన్ తీసిన చోటే ఆట పడిపోయింది. మరో మాట, ఎప్పుడూ గెలిచేవాణ్ని ఒకణ్ని, ఎప్పుడూ ఓడేవాణ్ని ఒకణ్ని పిలవండి. వాళ్లిద్దరూ ఆటలో వేర్వేరు చిల్లులు కనిపెడతారు.

ఐడియా దొంగతనం భయం మానేయండి. మన పేటెంట్ చట్టం, 1970లో మూడో సెక్షన్ ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంట్ రాదు. కాపీరైట్ మీరు రాసిన వాక్యాలకు, మీరు వేయించిన బొమ్మలకు వస్తుంది గానీ "రెండు పాచికల మొత్తం" అన్న ఆలోచనకు రాదు. అంటే మీరూ పులిజూదం నుంచి తీసుకోవచ్చు, మీ నుంచి మరొకరూ తీసుకోవచ్చు. దాచిపెట్టిన ఆటను ఎవరూ దొంగిలించరు నిజమే, ఎవరూ ఆడరు కూడా. జర్మనీలో క్లౌస్ టాయిబర్ పళ్ల ల్యాబు పనిచేసుకుంటూ, సాయంత్రాలు ఇంటి బేస్‌మెంట్‌లో ఆటలు అల్లి, భార్యాపిల్లలతో ఆడించి చూసేవాడు. వాటిలో ఒకటి 1995లో కటాన్‌గా బయటికొచ్చి ప్రపంచమంతా తిరిగింది. మీది అలా అవుతుందని చెప్పడం లేదు. బేస్‌మెంట్‌లో కూడా ఆయన ఒక్కడే కూర్చోలేదని చెప్తున్నాను.

రంగులా, ఆట తయారీయా అని అడిగారు. రెండూ ఉంచుకోండి, కలపకండి. ఆఫీసులో బుర్ర వాచిపోయిన రోజున రంగులు, అది చేతిపని, పాటలు వింటూ చేసుకోవచ్చు. ఆదివారం పొద్దున, తల తేటగా ఉన్నప్పుడు రూల్సు. ఆట రెండుమూడు నెలలు నలిగి, ఏ కాయలు నిలిచాయో తేలాక, వాటికి మాత్రమే రంగు వేయండి. 200లో మీకు 60 చాలని తేలినా ఆశ్చర్యం లేదు. మిగతావి డబ్బాలతో సహా మరో ఆటగాడికి అమ్మేస్తే 80,000లో కొంత వెనక్కి కూడా వస్తుంది. పూర్తిగా వదిలేయాలా అన్నదానికి జవాబు ఇవ్వడం లేదు. అంత ఉత్తరం రాసినవాళ్లు వదిలేయరు.

మిగిలింది మీ అబ్బాయి. మీ ఉత్తరంలో వాడి సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నాలుగేళ్లుగా మీ ఇంట్లో ఉన్న ఆ 188 బొమ్మల్లో ఆటలోకి దిగినవి ఆ ఆరే కదా! అదీ చింతపిక్కలతో.

ఈటెలు వంగడం పెద్ద నష్టం కాదు. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలైతే, పొయ్యి మీది నుంచి దించిన వేడినీళ్లలో పట్టకారుతో పట్టుకుని కొన్ని సెకన్లు ముంచండి. ఈటె మెత్తబడగానే వేళ్లతో నిటారుగా లాగి, అలాగే పట్టుకుని ఐసు వేసిన చన్నీళ్లలో ముంచితే బిగుసుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ అయితే విరుగుతుంది, అప్పుడు గుండుసూది కత్తిరించి ఫెవిక్విక్‌తో అతికించుకోవాలి. వేడినీళ్ల గిన్నె మీ దగ్గర, చన్నీళ్ల గిన్నె వాడి దగ్గర పెట్టుకుని ఆరూ చేయండి. ఆ చింతపిక్కల ఆటలో రూలేమిటో అప్పుడు అడగండి. కాగితం పెన్సిలు పక్కనే ఉంచుకోండి, వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, మధ్యలో దిద్దకండి. వీలైతే నాకూ ఒక కాపీ పంపండి.